వేయి రూపాయలకు అడ్డుపడిన ఒక్క మాట

పండ్రెండవ తరగతి ఫలితములు వెలువడిన వారము దినములలోపల మన సంఘ కార్యాలయమునకు తలిదండ్రులు వచ్చుట మొదలిడుదురు. ఒకరు వేలూరు బజారునుండి, ఒకరు గుడియాత్తము నేతగాండ్ర వీధినుండి, ఒకరు కాట్పాడి కావలి సరిహద్దు పల్లెనుండి వత్తురు. చేత మార్కుల పట్టిక, ఆధారు కార్డు, రేషను కార్డు ప్రతులు ఉండును. వారడుగు ప్రశ్న మాత్రము ఒక్కటే: "అయ్యా, మనము మైనారిటీలము గదా, మన పిల్లలకు మైనారిటీ స్కాలర్‌షిప్పు ఎక్కడ ఇస్తారు?"

ఈ ప్రశ్నకు సత్యమైన సమాధానము "ఎక్కడను ఇయ్యరు" అనియే. ఆ మాట విన్నంతనే వారి మొగములు వాడిపోవును. వచ్చిన దారినే మరలిపోవుదురు. పోవుచు, తమకు న్యాయముగ రావలసిన ఇతర సహాయములను గూర్చి అడుగ మరతురు. మనమును చెప్ప మరతుము. ఏటేట ఇదియే జరుగుచున్నది.

పాఠక మహాశయులకు నా అభిప్రాయమును మొదటనే విన్నవించుకొందును. భాష కారణముగ మనకు ఒక్క కాసైనను అదనముగ ఇయ్యవలెనని నేను కోరుట లేదు. కాని రాష్ట్రమున అందరి బిడ్డలకు ఇచ్చు సహాయము మన బిడ్డకు భాష కారణముగ తప్పిపోరాదు. మొదటిది ఆశ, రెండవది హక్కు. మనము ఆశ వెంట పరుగిడి హక్కును చేజార్చుకొనుచున్నాము. ఆ హక్కునకు అడ్డుపడినది ప్రభుత్వ నియమములోని ఒక్క మాట. దానికి తోడు మన యిండ్లలోని ఒక పాత బిగువు. ఈ రెంటిని గూర్చియు దాచకుండ వ్రాయదలచితిని.

మైనారిటీ అను మాట

ముందుగ ఆ మాట సంగతి తేల్చుకొందము. మన దేశపు చట్టములలో "మైనారిటీ" అను పదమునకు రెండు అర్థములు కలవు. రాజ్యాంగము 30వ అధికరణము మతమును బట్టిగాని భాషను బట్టిగాని అల్పసంఖ్యాకులైన వారందరికిని తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చినది. ఆ అర్థమున తమిళనాట తెలుగువారము మైనారిటీలమే. అల్పసంఖ్యాకు లెవ్వరో నిర్ణయించుటకు దేశమును గాక రాష్ట్రమునే కొలతగ గైకొనవలెనని 2002లో టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషను కేసులో సుప్రీంకోర్టున పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది.

కాని కేంద్ర ప్రభుత్వము మైనారిటీ విద్యార్థులకు ఉపకారవేతనములు ఏర్పరచినపుడు గైకొన్న అర్థము వేరు. 1992 నాటి జాతీయ మైనారిటీల కమిషను చట్టము క్రింద ప్రకటింపబడిన మతవర్గములకే అవి ఉద్దేశింపబడినవి. ముస్లిములు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పారసీకులు మొదట ఆ జాబితాలో నుండిరి. 2014లో జైనులు చేర్పబడిరి. ఆ జాబితాలో భాష అనునది లేనే లేదు. తెలుగు హిందువు ఆ దరఖాస్తు నింపినను అది చెల్లదు. తెలుగు క్రైస్తవుడు నింపినచో అతని మతమును చూతురు గాని భాషను చూడరు.

ఇందు ఎవరిమీదను అసూయకు తావు లేదు. పేర్నంబట్టు, ఆంబూరు, వాణియంబాడిలలోని ముస్లిము సోదరుల బిడ్డలు పొందునది మన పళ్లెరమునుండి తీసినది కాదు. "వారికేల, మనకేల లేదు" అని అంగడి అరుగుమీద గొణుగుట మనకు తగదు. మనకు చెందని గుమ్మము ముందు నిలిచి కాలము గడపుటయే మన పొరపాటు.

మరి భాషా మైనారిటీలకు రాజ్యాంగము చేసిన యేర్పాటు లేమి? 1956లో రాష్ట్రముల పునర్విభజన వేళ ఏడవ సవరణచే 350-ఏ, 350-బి అను రెండు అధికరణములు చేరినవి. మొదటిది ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సదుపాయము కల్పించుమని రాష్ట్రములకు చెప్పినది. రెండవది భాషా మైనారిటీల రక్షణల విషయమై విచారించి రాష్ట్రపతికి నివేదించుటకు ఒక ప్రత్యేకాధికారి నేర్పరచినది. ఈ రెంటిలోను కళాశాల ఖర్చులకు రూపాయి యైనను లేదు. కాని 29, 30 అధికరణములలో రెండు నిషేధములు కలవు. ప్రభుత్వ ధనము పొందు విద్యాసంస్థలో కేవలము భాష కారణముగ ఎవ్వరికిని ప్రవేశము నిరాకరింపరాదు. సహాయము ఇచ్చునపుడు, అల్పసంఖ్యాకుల యాజమాన్యమున నున్నదను కారణముగ ఏ సంస్థయెడను భేదము చూపరాదు.

అక్షరము పట్టుకొని వాదించు న్యాయవాది, ఇవి ప్రవేశమును గూర్చియు సంస్థలను గూర్చియు చెప్పినవే గాని విద్యార్థి చేతికి వచ్చు వేతనమును గూర్చి చెప్పినవి కావని అనవచ్చును. కావచ్చును. కాని వాటి వెనుకనున్న ధర్మము పల్లెటూరి వానికిని తెలియును: ప్రజల పన్నుల ధనము పంచునపుడు భాషను చూచి చేయి వెనుకకు తీయరాదు.

వేయి రూపాయల పథకము

ఇక అసలు విషయమునకు వత్తును. 2022 సెప్టెంబరు 5వ తేదీన తమిళనాడు ప్రభుత్వము "పుదుమై పెణ్" పథకమును ప్రారంభించెను. మూవలూరు రామామిర్తం అమ్మైయారు పేర వెలసిన ఉన్నతవిద్యా హామీ పథకమిది. ఆరవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకు ప్రభుత్వ పాఠశాలలో చదివిన బాలిక డిగ్రీలోగాని, డిప్లొమాలోగాని, ఐ.టి.ఐ.లోగాని చేరినచో, చదువు ముగియువరకు నెలకు వేయి రూపాయలు నేరుగ ఆమె బ్యాంకు ఖాతాలో పడును. 2024 ఆగస్టు 9వ తేదీన కోయంబత్తూరులో బాలురకొరకు "తమిళ్ పుదల్వన్" అను పథకము ఆరంభమైనది. అదే సంవత్సరము డిసెంబరు 30వ తేదీన తూత్తుకుడిలో బాలికల పథకము, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలల వారికిని విస్తరింపబడినది.

ఇవి మంచి పథకములు. శత్రువు చేసినను మేలు మేలే యనవలెను. చేసినది మన రాష్ట్ర ప్రభుత్వమే గదా! పూర్వము ఇదే అమ్మైయారు పేర పేద కన్యల పెండ్లికి ధనమును, 2011 తరువాత తాళికి బంగారమును ఇచ్చుచుండిరి. 2022లో దానిని చదువునకు మార్చిరి. పెండ్లిపీట కిచ్చు ధనమును కళాశాల మెట్ల కిచ్చుట కంటె మంచి మార్పు వేరేమి యుండును? పైగా ఈ వేయి రూపాయలు కులమును అడుగవు. ఇతర ఉపకారవేతనము పొందుచున్న బాలికకును అడ్డు చెప్పవు. బస్సు ఛార్జీకి, పుస్తకములకు, మధ్యాహ్నపు టిఫినుకు తండ్రిని చేయిచాచి అడుగ నక్కరలేని స్థితి ఒక నేతగాని కూతురికి దీనివలన కలిగినది.

అట్లయిన నా యభ్యంతర మేమి? ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలల విషయమున నియమమునందు చేర్చిన ఒక్క మాట నా యభ్యంతరము. ఆ పాఠశాలలలో "తమిళ మాధ్యమమున" చదివిన వారికే ఈ సహాయమని 2024లో ప్రకటించిరి. బాలుర పథకమునను ఆ మాటయే. బాలికలకు విస్తరించినపుడును ఆ మాటయే. ఉన్నది ఉన్నట్లు చదివినచో, సహాయము పొందు పాఠశాలలో తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డ ఆ గుమ్మము వెలుపలనే నిలుచును. ఉర్దూ మాధ్యమపు బిడ్డయు, కన్నడ మలయాళ మాధ్యమముల బిడ్డలును అట్లే.

ఒక బాలికను తలచుకొనుడు. ఆమె తండ్రి గుడియాత్తమున మగ్గము నేయును. తల్లి బీడీలు చుట్టును. ఇంటికి దగ్గరని, అమ్మమ్మ చదివిన బడియని, ఎనిమిదవ తరగతివరకు సహాయము పొందు తెలుగు పాఠశాలలో చదివించిరి. తొమ్మిది మొదలు పండ్రెండువరకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చదివినది. మార్కులు మంచివే వచ్చినవి. పక్కింటి బాలిక మొదటినుండియు ప్రభుత్వ పాఠశాలలోనే చదివినది. ఇద్దరును ఒకే కళాశాలలో చేరిరి. ఒకే బస్సులో పోవుదురు. ఒకే బల్లమీద కూర్చుందురు. నియమము ఆరు మొదలు పండ్రెండువరకు అన్ని తరగతులను లెక్కించును గనుక, పక్కింటి బాలిక ఖాతాలో నెలనెల వేయి రూపాయలు పడును. ఈమె ఖాతాలో పడవు. మూడేండ్ల డిగ్రీకి ముప్పదియారు నెలలు. ముప్పదియారు వేల రూపాయలు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు మాతృభాషలో చదివినందుకు ఆ యింటివారు చెల్లించిన జరిమానా అది.

ఇందు మరియొక వింత కలదు. ప్రభుత్వ పాఠశాలలో ఆంగ్ల మాధ్యమమున చదివిన వారికి ఈ సహాయము కలదు. విద్యాహక్కు చట్టము క్రింద ఎనిమిదవ తరగతివరకు ప్రైవేటు పాఠశాలలో చదివి, తొమ్మిది మొదలు ప్రభుత్వ పాఠశాలలో చదివిన వారికిని బాలికల పథకమున చోటు కలదు. వారికి ఇచ్చుట న్యాయమే, నేను కాదనను. ప్రైవేటు బడిలో ఇంగ్లీషున మూడేండ్లు చదివిన బిడ్డకు లేని అనర్హత, సర్కారు జీతము పుచ్చుకొను అయ్యవారి దగ్గర తెలుగున మూడేండ్లు చదివిన బిడ్డకు ఎట్లు కలిగినది? దీనికి సమాధానము చెప్పగలవారు చెప్పవలెను.

ఎదురు వాదములు

ఎదుటివారి పక్షమున చెప్పదగినదియు చెప్పుదును. సహాయము పొందు పాఠశాలలు అనేకములలో ఆంగ్ల మాధ్యమ తరగతులు ఫీజులు వసూలుచేసి నడుపబడుచున్నవి. ఫీజు కట్టగలవారిని తొలగించుటకే "తమిళ మాధ్యమము" అను మాట చేర్చిరని తలంతును. ఆ యుద్దేశము మంచిదే. కాని ఇంగ్లీషు కొమ్మను నరుకబోయి తెలుగు, ఉర్దూ, కన్నడ, మలయాళ కొమ్మలను కూడ నరికిరి. సహాయము పొందు తెలుగు మాధ్యమ పాఠశాలలో ఫీజు కట్టగల ధనికుని బిడ్డ చదువునా? ధనికుడు తన బిడ్డను ఏనాడో కాన్వెంటునకు పంపినాడు. ఆ బడిలో మిగిలినది నేతగాడు, కూలివాడు, చిన్న అంగడివాడు.

"తమిళమును ప్రోత్సహించుటకు పెట్టిన నియమమిది, తమిళనాట తమిళమును ప్రోత్సహింపరాదా?" అని కొందరందురు. ప్రోత్సహింపవలెను. మనమును తమిళమునకు పరాయివారము కాము. తరతరములుగ ఈ నేలలో లెక్కలు తమిళమున వ్రాసితిమి, బేరము తమిళమున సాగించితిమి. 2006 నాటి చట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి దశలవారీగ నిర్బంధ పాఠ్యాంశమైనది. తెలుగు మాధ్యమపు బిడ్డయు తమిళమును నేర్చుచునే యున్నాడు. ఇంటి భాష యొకటి, రాష్ట్ర భాష యొకటి, ఇంగ్లీషు ఒకటి. మూడు బరువులు మోయు బిడ్డకు కూలి యెక్కువ యిమ్మని అడుగుట లేదు, ఉన్న కూలి కోయవలదని అడుగుచున్నాము.

"మీ సంఖ్య స్వల్పము, ఇంత స్వల్ప విషయమునకు ఇంత గొడవ యేల?" అనువారును కలరు. సంఖ్య స్వల్పమైనచో ప్రభుత్వమునకు ఖర్చును స్వల్పమే. స్వల్పమైన ఖర్చుతో తీరు అన్యాయమును ఉంచుకొనుట కంటె తీర్చుకొనుట సులభము గదా!

"అంత కష్టమైనచో మీ పిల్లలను ప్రభుత్వ తమిళ పాఠశాలకే పంపుడు" అనువారు చివరివారు. నిజమునకు మనవారు అనేకులు చేయుచున్నదియు అదియే. ఇట్లు బిడ్డలు తగ్గుదురు. బిడ్డలు తగ్గినచో అయ్యవారి పోస్టు రద్దగును. పోస్టు రద్దైనచో బడి మూతపడును. తెలుగు బడిని మూయుమని ఏ ఉత్తర్వును జారీ చేయ నక్కరలేదు. అందు చదివినవారికి వేయి రూపాయలు లేవన్నచో చాలును, బడి తానే మూతపడును. ప్రభుత్వము ఆ యుద్దేశముతో చేసినదని నేననను. ఫలితము మాత్రము అదియే.

భాష నడుగని సహాయము సాధ్యమా యని సందేహింప నక్కరలేదు, అట్టివి కలవు. ఎనిమిదవ తరగతి పిల్లలకు పరీక్ష పెట్టి ఏటికి పండ్రెండు వేల రూపాయలు ఇచ్చు జాతీయ ప్రతిభా ఉపకారవేతన పథకమును కేంద్ర ప్రభుత్వము 2008లో ప్రారంభించెను. ప్రభుత్వ పాఠశాలల వారితో పాటు సహాయము పొందు పాఠశాలల వారికిని అది కలదు. తండ్రి ఆదాయము అడుగుదురు, మార్కులు అడుగుదురు. బోధనా భాష ఏదియని అడుగరు. కేంద్రము అడుగని ప్రశ్నను మన యింటి ప్రభుత్వము అడుగనేల?

ఈ నేల మరచిన సంగతులు

మన ఉత్తర ఆర్కాడు సీమ ఇట్టి సహాయముల విలువ నెరుగని సీమ కాదు. 1888లో తిరుత్తణిలో ఒక పేద తెలుగు కుటుంబమున పుట్టిన బాలుడు తిరుపతి మిషను పాఠశాలలో చదివి, వేలూరు ఊరీసు కళాశాలలో చేరి, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలకు పోయెను. అతని చదువంతయు ఉపకారవేతనములమీదనే సాగినది. తత్త్వశాస్త్రమును ఎన్నుకొనుటకు కారణము కూడ పేదరికమే. చదువు ముగించిన బంధువు ఒకడు తన పుస్తకములను ఇచ్చినాడు గనుక ఆ శాస్త్రము అతనిదైనది. ఆ బాలుడే డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్. 1962లో భారత రాష్ట్రపతి. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 5వ తేదీని ఉపాధ్యాయ దినముగ జరుపుకొందుము. పుదుమై పెణ్ పథకమును ప్రారంభించినదియు ఆ దినముననే. ఒక తెలుగు ఇంటి బిడ్డ జన్మదినమున మొదలిడిన సహాయము, తరువాత విస్తరించినపుడు తెలుగు మాధ్యమపు బిడ్డను వెలుపల నిలిపినది. దీనిని వ్రాయుటకు నాకు సంతోషము లేదు.

గుడియాత్తమునకు మరియొక జ్ఞాపకము కలదు. 1954లో ముఖ్యమంత్రి పదవి చేపట్టిన కామరాజు నాడార్ శాసనసభకు ఎన్నికైనది గుడియాత్తము ఉపయెన్నికలోనే. పేదబిడ్డలకు మధ్యాహ్న భోజనమును, ఊరూర బడిని ఇచ్చిన మహానుభావునిగ ఆయనను తమిళనాడంతయు స్మరించును. ఆనాడు ఆయనకు ఓటు వేసిన గుడియాత్తము ప్రజలలో తమిళులుండిరి, తెలుగువారుండిరి, ఉర్దూ మాటలాడువారుండిరి. ఆయన పెట్టిన అన్నము పళ్లెములో పడునపుడు నీవు ఏ భాషలో చదువుచున్నావని ఎవ్వరును అడుగలేదు. ఆ వారసత్వమును చెప్పుకొను ప్రభుత్వములన్నియు ఆ పద్ధతిని పాటింపవలెను.

మన యింటి బిగువు

ఇంతవరకు ప్రభుత్వమును అడిగితిని. ఇక మనలను అడుగవలెను. ఇది కొందరికి రుచింపదు.

నేను పదవ తరగతితో చదువు చాలించినవాడను. ఆ యేడు మా పాఠశాల అయ్యవారు వెనుకబడిన తరగతుల ఉపకారవేతనపు ఫారము నొకదానిని నా చేతికిచ్చి, తండ్రి సంతకము తెమ్మనిరి. మా నాయన దానిని చదివి, మడిచి, చిట్టా పుస్తకములో పెట్టి, "మనది ఇచ్చే చెయ్యిరా, చాచే చెయ్యి కాదు" అనెను. మరునాటినుండి నేను అంగడిలో కూర్చుంటిని. ఆయనను నిందించుట లేదు. ఆయన కాలపు మర్యాద అది. కాని ఆ ఫారము చాచు చేయి కాదని, ఉప్పుమీద చింతపండుమీద మేము కట్టిన పన్ను తిరిగి వచ్చు దారియని ఆయనకు చెప్పువారు లేకపోయిరి. నేడు నా యంగడికి సరకు మోయు కుర్రవాండ్రను చూచినపుడు, ఏ చిట్టా పుస్తకములో వీరి ఫారము మడిచి యున్నదో యని తోచును.

ఆ బిగువు నేటికిని మనయందు పోలేదు. ఉగాది సభలో మొదటి మార్కులు తెచ్చుకొన్న బిడ్డకు శాలువ కప్పి, ఐదువందల రూపాయల కవరు ఇచ్చి, ఫోటో దిగుదుము. అదే బిడ్డకు ఏటికి పండ్రెండు వేలు తెచ్చిపెట్టు దరఖాస్తును దగ్గర కూర్చుండి నింపించుటకు మనలో ఒక్కనికిని తీరిక లేదు. ఫోటోలో పడని సేవ మనకు సేవగ తోచదు.

రెండవ దోషము ధ్రువపత్రములది. బడిలో చేర్చునపుడు మనవారు కులము గడిలో "నాయుడు" అని వ్రాయింతురు. నాయుడు అనునది పలువురు వహించు బిరుదు గాని ప్రభుత్వ జాబితాలోని కులము కాదు. వెనుకబడిన తరగతుల జాబితాలో గవర, గవరై, వడుగర్ అను పేర్లు కలవు. కమ్మ, కాపు, బలిజ, రెడ్డి తప్ప అను షరతును అందే కలదు. ఇరువదినాలుగు మనై తెలుగు సెట్టివారి పేరు, దేవాంగుల పేరు, పద్మసాలీల పేరు వేర్వేరుగ కలవు. ఎవరు ఏ గడికి చెందుదురో తాత నాటి పత్రములతో ముందే తేల్చుకొనవలెను. కళాశాలలో చేరు వారమున తాశీల్దారు కార్యాలయమునకు పరుగిడినచో గడువు దాటిపోవును. తప్పు గుమాస్తామీదికి నెట్టుదుము.

మూడవది అన్నిటికంటె పెద్దది. మన సభ్యుల పట్టికలో నాయుళ్లు, రెడ్లు, సెట్లు, దేవాంగులు కనబడుదురు. ఇంటిలో తెలుగే మాటలాడు అరుంధతీయులు, ఆది ఆంధ్రులు ఎందరు కనబడుదురు? షెడ్యూల్డు కులముల విద్యార్థులకు కళాశాల ఉపకారవేతనము 1944లోనే మొదలైనది. ఎనుబదేండ్ల నుండి వారి బిడ్డలకు హక్కుగ నున్న ధనమది. అది వారి చేతికి చేరినదా లేదా యని మన సంఘము ఒక్క దినమైనను విచారించినదా? జనాభా లెక్కలలో తెలుగువారి సంఖ్య చూపవలసినపుడు వారు మనవారగుదురు. సభలో కుర్చీలు వేయునపుడు కారు. ఇట్టి సంఘము ప్రభుత్వముతో "భేదము చూపరాదు" అని చెప్పుటకు నోరెట్లు వచ్చును? ముందు మన గడప కడుగుకొందము.

చేయవలసినది

ప్రభుత్వమును కోరునది ఒక్కటే. సహాయము పొందు పాఠశాలల విషయమున "తమిళ మాధ్యమము" అను మాట స్థానమున "తమిళ మాధ్యమము లేక భాషా మైనారిటీల మాతృభాషా మాధ్యమము" అను మాట వ్రాయవలెను. ఏ ప్రభుత్వ మున్నను, పథకమునకు ఏ పేరు పెట్టినను, మన కోరిక ఇదియే. దీనిని జిల్లా కలెక్టరుగారికి, మన శాసనసభ్యులకు, భాషా మైనారిటీల కమిషనరుగారికి వ్రాతమూలముగ పంపవలెను. ఒంటరిగ కాదు, ఉర్దూ, కన్నడ, మలయాళ సోదరులతో కలిసి, మనయెడ న్యాయబుద్ధి గల తమిళ మిత్రుల సంతకములతో పంపవలెను. తమిళ మిత్రులు అట్టివారు పెక్కురు గలరు. మనము అడుగలేదు గనుక వారు పలుకలేదు.

"పక్కనే పలమనేరు, చిత్తూరు, ఆంధ్ర ప్రభుత్వము మనకేమైన ఇయ్యరాదా?" అని కొందరు అడుగుదురు. ఇయ్యదు, ఇయ్య నక్కరయు లేదు. వారి ఫీజుల సహాయము వారి రాష్ట్ర నివాసులది. మన పన్ను మద్రాసునకు పోవుచున్నది; మన హక్కును అచ్చటనే అడుగవలెను.

మన సంఘము చేయవలసినది మరింత సులభము. ఫలితములు వచ్చిన నాటినుండి కళాశాలలు తెరచువరకు ప్రతి ఆదివారము కార్యాలయమున ఒక బల్ల వేయుదము. చదువుకొన్న యువకులు ఇద్దరు కూర్చుందురు. వచ్చిన ప్రతి బిడ్డను ఐదు ప్రశ్నలు అడుగవలెను. ఆరు మొదలు పండ్రెండువరకు ఏయే బడులలో చదివితివి? కుల ధ్రువపత్రము కలదా, అందలి పేరు జాబితాలోని పేరేనా? తండ్రి ఆదాయము రెండున్నర లక్షలకు లోబడినదా? మీ యింట ఇంతకుముందు పట్టభద్రు లెవ్వరైన కలరా? నీ పేర ఆధారుతో ముడిపడిన బ్యాంకు ఖాతా కలదా?

ఈ ఐదింటితో చాలవరకు దారి తెలియును. ఆదాయము రెండున్నర లక్షలు మించనిచో వెనుకబడిన తరగతుల, షెడ్యూల్డు కులముల ఉపకారవేతనములు కలవు. ఇంట పట్టభద్రులే లేనిచో, వృత్తివిద్యలో చేరు బిడ్డకు 2010లో ఏర్పడిన మొదటి పట్టభద్రుని ఫీజు రాయితీ కలదు. అది కులమును చూడదు, ఆదాయమును చూడదు, ఇంటికి ఒక్కరికి మాత్రమే. ఏ జాబితాలోను లేని కులముల పేద బిడ్డ, బోర్డు పరీక్షలో పై ఇరువది శాతమున నిలిచి, ఆదాయము నాలుగున్నర లక్షలు మించనిచో, కేంద్ర ప్రభుత్వపు కళాశాలా ఉపకారవేతనమునకు అర్హుడు. డిగ్రీ చదువునకు ఏటికి పండ్రెండు వేలు. ఇవన్నియు ఉన్నవే. తెలుపువారు లేక పోవుచున్నవి.

ధనికులైన సభ్యులకు ఒక మనవి. ఉపకారవేతనము మంజూరైనను చేతికి వచ్చుటకు నెలలు పట్టును. కళాశాల ఫీజు మాత్రము మొదటి వారముననే కట్టవలెను. ఆ సందులో చదువు మానిన బిడ్డలు కలరు. ఉగాది సభకు వేయు పందిరి ఖర్చులో సగము తీసి వడ్డీలేని అప్పుగ ఇచ్చినచో, ఆ సందు పూడును. వేతనము వచ్చినపుడు సొమ్ము తిరిగి వచ్చును. వర్తకులకు ఇంతకంటె భద్రమైన చిట్టా లేదు.

వచ్చు ఆదివారము కార్యాలయమునకు రండు. మీ బిడ్డ ఫారము ఏ చిట్టా పుస్తకములోనైన మడిచి యున్నచో తీసుకొని రండు. మీ బిడ్డకు ఈ అవసరము లేనిచో, మీ వీధి చివరి యింటి బిడ్డను వెంటబెట్టుకొని రండు.